మా బావ బాప్తిస్మం

మా అక్క ఆరాధనలో ఉన్నంతసేపూ మా బావ చర్చి బయట సరుగుడు చెట్ల నీడలో ఆమె చెప్పులు పక్కన పెట్టుకుని కూర్చునేవాడు. ఇసుకలో వదిలేస్తే కుక్కలు లాక్కుపోతాయని ఆయన బెంగ. ఏళ్ళ తరబడి అలాగే కూర్చున్నాడు. లోపలికి రమ్మని ఎవరు పిలిచినా ఒకటే మాట.

"మీ దేవుడికి మా ఆవిడుంది, సెప్పులకి నానున్నాను. ఇంకేటి కావాల?"

మాది మూలపేటకు ఇవతల సముద్రపొడ్డు పల్లె. వేటకు పోయి బతికే కుటుంబాలు. ఇంటిల్లిపాదీ గంగమ్మకు మొక్కేవాళ్ళే. అందులో మా అక్క ఒక్కతే, పెళ్ళయిన కొత్తలో, క్రీస్తును నమ్ముకుంది. అత్తగారు గుమ్మానికి అడ్డంగా పడుకుంటే ఆమెను దాటుకుని వెళ్ళి, తెల్లవారుతుండగా సముద్రంలో మునిగి బాప్తిస్మం తీసుకుంది. తడి చీరతో తిరిగొస్తే వారం రోజులు ఇంట్లో ఎవరూ పలకలేదు. బావ మాత్రం పొడి తువ్వాలు తెచ్చి ఇచ్చాడట. ఈ సంగతి అక్క ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

అక్క వెంట చర్చికి పోయి పోయి నేనూ నమ్మాను, చదువుకున్నాను. చివరికి టెక్కలిలో పాస్టర్లు కాబోయేవాళ్ళకు సంఘ చరిత్ర చెప్పే పనిలో పడ్డాను. తొలి శతాబ్దాల క్రైస్తవులు ఏం రాశారు, వెయ్యేళ్ళు దాటాక ఐరోపాలో సంఘాన్ని దిద్దడానికి లేచినవాళ్ళు వాళ్ళ దగ్గర ఏం తీసుకున్నారు, ఇదీ నా పాఠం. భోజనం తరువాత చెబితే సగం తరగతి కునికిపాట్లు పడుతుంది. ఎవరైనా ఆవలిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. "మీ తాతల పేర్లు చెబుతుంటే ఆవలిస్తారేమయ్యా?" అని అరుస్తాను. నా కోపం సంగతి టెక్కలిలో బండి మీద టీ అమ్మేవాడికి కూడా తెలుసు.

బావకు కిడ్నీలు పాడయ్యాయని తెలిసిన రోజున ఇంట్లో ఎవరూ గట్టిగా ఏడవలేదు. మా వైపు ఊరూరా ఉన్న జబ్బే, ఆ కబురు విననివాళ్ళు లేరు, అది మన గుమ్మం ఎక్కడమే ఆలస్యం. వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. ఒకప్పుడు అలల మీద తెప్పను ఒంటిచేత్తో తిప్పిన మనిషి ఆటోలోంచి దిగడానికి అక్క భుజం పట్టుకోవలసివచ్చింది. మంచం మీద రక్తం మిషనులోకి పోయి వస్తుంటే, అక్క పక్కన స్టూలు వేసుకుని చిన్న గొంతుతో పాడేది.

ఒక ఆదివారం ఆయన సరుగుడు చెట్ల కింద కనిపించలేదు. చూస్తే, అక్క చెప్పులు చంకలో పెట్టుకుని లోపలికి వచ్చి, వెనక చాప మీద కూర్చుని ఉన్నాడు. ఆరాధన అయ్యాక నేను వేళాకోళం చేశాను.

"ఏటి బావా, కుక్కలన్నీ సచ్చిపోనాయా?"

"నవ్వు, నవ్వు. ఆ మిషను కింద పడుకుంటే తెలుత్తాది నీకు. పూటంతా మాటాడ్డానికి దేవుడు తప్ప ఎవుడూ దొరకడు. మాటాడి మాటాడి ఆయనా నానూ సుట్టాలమైపోనాం."

తరువాత నవ్వు ఆపి, నా చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, మీ అక్క పక్కన కూకుని ఆ రొట్టి ఒక్కసారి తినాల. ఆ రసం ఒక్క గుక్క తాగాల. నాను పోయేలోగా. నాకింకేటీ వద్దు."

అడిగింది అంతే. అంత చిన్న కోరిక ఎందుకు తీరలేదో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా సంఘంలో బాప్తిస్మం పొందినవాళ్ళే ప్రభువు బల్లలో, అంటే ఆ రొట్టెలో ద్రాక్షరసంలో, చెయ్యి వెయ్యాలి. బాప్తిస్మం అంటే ముంచడమే. మెడ దాకా కాదు, నడినెత్తి దాకా. తల మీద నాలుగు చుక్కలు చిలకరించి బాప్తిస్మం అనే సంఘంలోంచి మా తాతల నాడు కొందరు బయటికి వచ్చిందే ఈ ముంచడం కోసం. డయాలసిస్ కోసం బావ చేతికి చేసిన ఆపరేషన్ పట్టకపోవడంతో మెడ కింద ఛాతీలోకి పైపు వేశారు. దానికి తడి తగలకూడదని, తగిలితే చీము నేరుగా రక్తంలోకి పోతుందని పలాస ఆస్పత్రిలో నర్సు సిస్టరు వెళ్ళిన ప్రతిసారీ హెచ్చరించేది. స్నానం కూడా తడిగుడ్డతో తుడుచుకోవడమే.

పాస్టరుగారు వినగానే తల అడ్డంగా ఊపారు. మంచి మనిషి, నాకంటే చాలా చిన్నవాడు. బావ కోసం ఉపవాసం ఉండి ప్రార్థన చేసినవాడే. "ఆ పైపు తీసేసే రోజు వస్తుంది, అప్పుడు ముంచుదాం" అన్నారు. పైపు తీసే రోజు ఏ రోజో మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

బావ ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని సముద్రం వంక చూశాడు.

"పుట్టీసిన కాణ్నుంచీ ఆ నీళ్ళలో మునగని రోజు నేదు. ఇప్పుడు మునగడానికే పనికిరాకుండా పోనానేటి, బావా?"

 కోపం వస్తే మాట్లాడగలను, ఏడుపు వస్తే నాకు మాట రాదు.

నెల మొదటి ఆదివారం మా చర్చిలో బల్ల. ఆ రోజు బావ పెదాలు పగిలి ఉన్నాయి, మాట్లాడితే నాలుక అంటుకుపోతోంది. ఏమైందని అక్కను అడిగితే చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డయాలసిస్ చేయించుకునేవాళ్ళు నీళ్ళు కొలిచి తాగాలి. రోజుకు ఆయనకు ఇచ్చేది ఒక చిన్న సీసా. తెల్లవారినప్పటి నుంచి ఆయన దాన్ని ముట్టలేదట. ఎందుకయ్యా అంటే, "ఒకేళ పాస్టరుగారి మనసు మారి నాకూ గళాసు ఇత్తే? ఆ గుక్కకి సోటుండాల కదా" అన్నాడట.

చిన్న చిన్న గాజు గ్లాసుల పళ్ళెం వరసలో వచ్చింది. అక్క తీసుకుంది. పళ్ళెం పట్టుకున్నాయన బావ దగ్గర ఆగలేదు. బావ చెయ్యి మోకాలి మీద నుంచి కాస్త లేచి, మళ్ళీ మోకాలి మీదికే వెళ్ళింది. అక్క ఆ గ్లాసు పట్టుకుని చాలాసేపు తాగలేకపోయింది.

నేను ఆ సాయంత్రమే పాస్టరుగారి ఇంటికి వెళ్ళాను.

"పాస్టరుగారూ, ముంచడానికి నీళ్ళు లేకపోతే ఏం చెయ్యాలో తొలినాటి క్రైస్తవులు అప్పుడే చెప్పి పెట్టారు. పారే నీరుంటే పారే నీరు. లేకపోతే వేరే నీరు. అదీ కుదరకపోతే తల మీద మూడుసార్లు పొయ్యమన్నారు. మంచాన పడ్డవాళ్ళకు అలా పోస్తే అది సగం బాప్తిస్మమా అని ఎవరో అడిగితే, ఆఫ్రికా తీరంలో ఒక బిషప్పు గట్టిగా కోప్పడ్డాడు. దేవుడి కృపను చెంబులతో కొలవకండి అన్న అర్థంలో జవాబిచ్చాడు."

"అది లేఖనంలో ఉందా సార్?"

"లేదు."

"అయితే మనకెందుకు? మనకు లేఖనం ఒక్కటే చాలు కదా. ఆ తొలినాటి సంఘ పితరులూ వాళ్ళూ వేరే సంఘాలవాళ్ళకు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"త్రిత్వం అని ప్రతి ఆదివారం చెబుతారే, ఆ మాట లేఖనంలో ఎక్కడుందో చూపించండి! ఆ మాట వాడుకలోకి తెచ్చినవాళ్ళలో ఒకడు అదే ఆఫ్రికా తీరంవాడు. కృప ముందు, మన క్రియలు వెనక అని గొంతు చించుకుంటారే, అది ఎవరి దగ్గర నేర్చుకున్నారు? ఐరోపాలో సంఘాన్ని దిద్దినవాళ్ళ దగ్గర. వాళ్ళు ఎవరి దగ్గర నేర్చుకున్నారు? అక్కడే ఇంకో రేవు పట్నంలో కూర్చుని రాసిన ముసలి బిషప్పు దగ్గర. లేఖనమే చాలన్నవాళ్ళే పేజీ పేజీకీ ఆ ముసలాయన్ని సాక్ష్యానికి పిలిచారు. మీరు తినే అన్నం వాళ్ళు వండిందే. వండినవాళ్ళ పేరు చెబితే మాత్రం చెయ్యి కడిగేసుకుంటారా?"

ఆయన నెమ్మదిగా అన్నారు. 

"మీరు చెప్పింది నిజమే కావచ్చు సార్. కానీ మన సంఘంలో ముసలమ్మలు ఉన్నారు. జ్వరంతో మునిగినవాళ్ళు, మొగుళ్ళ చేత తన్నులు తిని మునిగినవాళ్ళు. మీ అక్కగారు అత్తగారిని దాటి వచ్చి మునిగారు. ఇప్పుడు నేను ఒకరికి చెంబుతో పోస్తే, వాళ్ళందరికీ ఏం చెప్పాలి? అంత కష్టం అక్కర్లేకపోయిందనా?"

 అది వాదన కాదు, మనుషుల బాధ. నేను చదివిన వాళ్ళెవరూ మా ముసలమ్మలను చూడలేదు.

బావకు మాత్రం ఆ పాతకాలపు మనుషులు తెగ నచ్చేశారు. పలాస ఆటోలో నేను తోడు వెళ్ళిన రోజుల్లో దారి పొడవునా అడిగేవాడు.

"ఆళ్ళదీ సముద్రపొడ్డేనా?"

"ఆ ఆఫ్రికావాళ్ళు ముగ్గురిదీ సముద్రపొడ్డే బావా."

"అయితే మనోళ్ళే. సేపలు తిన్నోళ్ళే. అందుకే మంచాన పడ్డోడి బాధ తెలిసింది. మీ పాస్టరు ఎక్కడోడు?"

"సంతబొమ్మాళి అవతల. వరి పండించే ఊరు."

"అదీ సంగతి. ఆళ్ళకి పొలం నిండా నీళ్ళుండాల, నేకపోతే పని మొదలెట్టరు."

పలాస దగ్గరవుతుంటే జీడిపిక్కలు కాల్చే వాసన వచ్చేది. ఆయన ముక్కు మూసుకుని, "ఈ వాసనొత్తే సాలు, ఆ మిషను కింద పడుకున్నట్టే ఉంటాది" అనేవాడు. 

ఒకసారి పాస్టరుగారిని కూడా మాతో తీసుకెళ్ళాను. రమ్మని బతిమాలలేదు, "ఎక్కండి" అన్నాను, ఎక్కారు. సిస్టరు కట్టు విప్పి, చర్మంలోంచి బయటికి వచ్చిన ఆ పైపు రెండు కొసలను శుభ్రం చేస్తుంటే ఆయన మొహం తిప్పుకోలేదు. చివరి దాకా చూశారు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో, బావ నిద్రపోయాక, నా వైపు వంగి అన్నారు: "పోస్తాను సార్. పెద్దలకు నేను చెప్పుకుంటాను."

నా కళ్ళు తడిశాయి. నేను గెలిచాననుకున్నాను, పిచ్చివాణ్ణి.

అడ్డం పడింది మా అక్క.

"వద్దు" అంది. చేపలు శుభ్రం చేస్తోంది, చేతిలో కత్తి ఆగలేదు. "పోసిన నీళ్ళు బాప్తిస్మం కాదు. ఇన్నేళ్ళూ ఇదే సంఘం నాకు సెప్పింది. నాను పదిమందికి సెప్పాను. ఇప్పుడు మా ఆయన ముంగిటికి వచ్చీసరికి మారిపోద్దేటి?"

"అక్కా, తొలి రోజుల్లోనే..."

"నీ పాతకాలపోళ్ళ సంగతి నాకు సెప్పకు తమ్ముడా. ఆ తీర్పు దినాన దేవుడు, 'ఈయన మునగనేదు కదా, అటు పో' అంటే? నాను ఇటు, ఆయన అటు అయిపోతే? అప్పుడు నీ పాతకాలపోళ్ళు వచ్చి సాచ్చెం సెప్తారేటి?"

 ఆమెది మొండితనం కాదు, భయం. తోడుగా బతికిన మనిషి తన నుంచి తప్పిపోతాడేమోనన్న భయం. అత్తగారిని దాటి వెళ్ళిన మనిషి ఈ గడప దాటలేకపోయింది. ఆ గడప కట్టింది మా సంఘమే.

కొన్ని వారాలు అలాగే గడిచాయి. బావ ఆమెను ఒక్క మాట అనలేదు. బల్ల ఆదివారం మళ్ళీ వచ్చింది, మళ్ళీ గొంతు ఎండబెట్టుకుని వచ్చాడు, పళ్ళెం మళ్ళీ ఆగకుండా వెళ్ళింది.

అప్పుడు నాకు ఆ బొమ్మలు గుర్తొచ్చాయి. రోములో నేల కింద తవ్విన పాత సమాధుల గోడల మీద తొలి క్రైస్తవులు బాప్తిస్మం బొమ్మలు గీశారు. మనిషి పాదాలు మునిగేంత నీటిలో నిలబడి ఉంటాడు, ఇంకొకరి చెయ్యి అతని తల మీద ఉంటుంది. ఆ బొమ్మను ఫోనులో అక్కకు చూపించాను. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నీళ్ళలోనే ఉన్నాడు కదా" అంది.

"నీళ్ళలోనే ఉన్నాడక్కా. బావ కూడా సముద్రంలోనే నిలబడతాడు. మోకాలి దాకా. పాస్టరుగారు తల మీద పోస్తారు. పైపుకి ప్లాస్టిక్ కవరు కట్టి, సిస్టరు చెప్పినట్టు చేద్దాం."

"సముద్రం నీళ్ళేనా పోసేది?"

"సముద్రం నీళ్ళే."

"అయితే సరే" అంది. లేచి లోపలికి పోయి, ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి అన్నం పెట్టింది.

బావ ఆ రోజు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "మోకాలి లోతా? సిన్నప్పుడు ముడ్డి కడుక్కున్న లోతు! పదండి, ఇప్పుడే పోదాం" అన్నాడు. నిజానికి అప్పుడే వెళ్ళవలసింది. సముద్రం ఇంటి ముందే ఉంది. పాస్టరుగారిని పిలిస్తే వచ్చేవారు. కానీ సంఘ పెద్దలు, ఒక్కడి కోసం వేరేగా ఎందుకు, వచ్చే బాప్తిస్మాల ఆదివారం అందరితో పాటు చేద్దాం, పద్ధతిగా ఉంటుంది అన్నారు. పాస్టరుగారు సరేనన్నారు. ఇంత దూరం వచ్చాక ఇంకొన్ని రోజులకేం అని నేనూ అనుకున్నాను. అక్క ఆ రోజు కోసం తెల్ల పంచె ఉతికి, గంజి పెట్టి, మడత పెట్టి ఉంచింది.

ఆ ఆదివారానికి ముందు శుక్రవారం ఉదయం పలాస వెళ్ళడానికి ఆటో గుమ్మంలోకి వచ్చింది. బావ అరుగు దిగుతూ ఊపిరి అందడం లేదన్నాడు. అక్క ఒళ్ళోనే కూలబడ్డాడు. ఆటో తిప్పేలోగా పోయాడు.

మా సముద్రపొడ్డు ఇళ్ళలో, ఏ దేవుణ్ణి నమ్మినా, పోయిన మనిషికి స్నానం చేయించకుండా పంపరు. కబురు తెలిసి పాస్టరుగారు, పెద్దలు వచ్చారు. వాకిట్లో బల్ల మీద బావను పడుకోబెట్టారు. ఎవరో బోరింగు నీళ్ళ బకెట్టు తెచ్చారు. అక్క దాన్ని కాలితో తోసేసింది.

"ఇవి కాదు. సముద్రం నీళ్ళు తెండి."

తెచ్చారు. ఆమె ఛాతీ మీద కట్టు విప్పింది. ఇక ఆ పైపుకు తడి తగిలినా ఎవరూ కోప్పడరు. తెల్ల పంచె కప్పింది. చెంబు ముంచి, తండ్రి పేర ఒకసారి, కుమారుడి పేర ఒకసారి, పరిశుద్ధాత్మ పేర ఒకసారి ఆయన తల మీద పోసింది.  నీళ్ళు బల్ల మీద నుంచి ఇసుకలోకి పోయాయి. 

పాస్టరుగారు నా పక్కన నిలబడి ఉన్నారు.  పెద్దలు ఆయన వంక చూస్తున్నారు, ఏమంటారోనని. ఆయన నా వైపు తిరిగి, గుసగుసగా అడిగారు.

"సార్, పోయినవాళ్ళకు ఇలా చెయ్యవచ్చా? పితరులు దీని గురించి ఏమన్నారు?"

పితరులు మనకెందుకన్న మనిషి నన్ను ఆ మాట అడిగాడు. నాకు జవాబు తెలుసు. ఏటేటా నేను చెప్పే పాఠంలో ఉంది. అదే ఆఫ్రికా తీరపు బిషప్పులు, మా బావ మనోళ్ళే అన్నవాళ్ళు, ఒకచోట కూడి, శవానికి బాప్తిస్మం ఇవ్వకూడదని తేల్చి చెప్పారు. పోయినవాడు నమ్మలేడు, అడగలేడు అన్నారు. కానీ మా బావ నమ్మాడు. అడిగాడు. నెలల తరబడి ఎండిన గొంతుతో అడిగాడు.

"ఎవరూ అడ్డు చెప్పలేదు పాస్టరుగారూ" అన్నాను, పెద్దలకు వినబడేలా.

ఆయన కళ్ళు మూసుకుని "ఆమేన్" అన్నారు. పెద్దలూ అన్నారు. బావను మా సంఘం సమాధుల తోటలోనే పెట్టారు. చర్చి ప్రహరీ అవతల, సరుగుడు చెట్ల వరసకు దగ్గరగా.

ఆ అబద్ధానికి నేను చింతించను. దేవుడు అడిగితే అక్కడ తల వంచుకుంటాను. నా బాధ వేరు. ఆయన సముద్రానికి యాభై అడుగుల దూరంలో కూర్చుని ఉంటే, మేమంతా చదువుకున్నవాళ్ళం, నమ్మినవాళ్ళం, ఆ నీళ్ళ గురించి మాట్లాడుకుంటూ నెలలు గడిపేశాం. ఆ పాతకాలపువాళ్ళు మంచాన పడ్డవాడి దగ్గరికి చెంబు పట్టుకుని వెళ్ళారు. వాళ్ళ మాటలు మాకు చేరాయి. వాళ్ళ తొందర చేరలేదు.

తరువాతి నెల బల్ల ఆదివారం అక్కను చర్చికి తీసుకెళ్ళాను. ఆమె చెప్పులు నేను పట్టుకున్నాను. ఆరాధన అయ్యాక ఇద్దరం సరుగుడు చెట్ల కింద కూర్చున్నాం. ఆమె చాలాసేపు సమాధుల వైపు చూసింది.

"తమ్ముడా, ఆ రోజు పాస్టరుగారితో అన్నావు కదా. ఆ పాతకాలపోళ్ళు నిజంగా అడ్డు సెప్పనేదా?"

"సెప్పనేదక్కా. ఆయనది బాప్తిస్మమే."

ఆమె నా మొహంలోకి చూసింది.

"సిన్నప్పుట్నుంచీ అంతే నువ్వు. అబద్ధమాడితే సెవులు ఎర్రబడిపోతాయి."

నేను తల దించుకున్నాను. ఆమె కోప్పడలేదు. ఇసుకలో ఉన్న చెప్పులు దగ్గరికి లాక్కుని, ఒళ్ళో పెట్టుకుంది.

"మళ్ళీ సెప్పు" అంది.

మళ్ళీ చెప్పాను.